నెమరు ఆగిన పూట

వేములబండలో గురవయ్య నోరు తెరిస్తే వాన పడుతుందని ఒక ఎకసెక్కం ఉంది. ఎప్పుడైనా ముసురు పట్టి వదలకపోతే, "ఎవరో గురవయ్యను పలకరించినట్టున్నార్రా" అనుకుంటారు. ఆయనకు ఆ మాట తెలుసు. విని, తలగుడ్డ సర్దుకుని, తన దారిన తాను పోతాడు. ఇంట్లో ఆయన వాటా మాటలు కూడా భార్య సీతారావమ్మే మాట్లాడేస్తుంది గనక ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడు కార్తీకంలో గట్టి ముసురే పట్టింది. గురవయ్య కూడా నిజంగానే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు. కూతురు హైమ పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. మనవరాలిని రెండు చేతుల్లోకి తీసుకుని, "మా అమ్మ ముక్కు" అన్నాడు. కాసేపాగి, "గడ్డం కూడా" అన్నాడు.

సీతారావమ్మ బుగ్గన వేలేసుకుంది. "సరిపోయింది. ఇంక గుండ్లకమ్మకు వరదే."

వరద సంగతి ఎట్లా ఉన్నా, వేములబండకు పాతకాలం నుంచీ ఉన్న భయం నేలతోనే. ఉన్నట్టుండి ఎప్పుడో ఒకప్పుడు అడుగున బరువుబండి పోతున్నట్టు గుడగుడమంటుంది. దండెం మీద బట్టలు ఊగుతాయి, గిన్నెలు గలగలలాడతాయి, ఆగిపోతుంది. ఆ ఊళ్ళో ఇళ్ళు చూస్తే రాయి మీద రాయి పేర్చి బురదతో అతికిన గోడలు. పైన పలకరాళ్ళు పరిచి మట్టి కొట్టిన మిద్దెలు. ఎండకు చల్లన, చలికి వెచ్చన. కదిలితే మాత్రం ఒక్కో రాయి మనిషంత. గురవయ్య తాత నాడు పక్క ఊళ్ళో ఒక ఇంటికి ఇల్లు అట్లాగే పోయిందని చెప్పుకుంటారు.

హైమ చదివింది నేల చదువు. నేల కదలబోయే ముందు జంతువులకు తెలిసిపోతుందంటారే, అది నిజమా, తర్వాత అల్లుకున్న మాటా తేల్చుకుందామని పురిటికి చాలా ముందే, సొంత ఊరికే పరిశోధన పట్టుకొచ్చింది. వచ్చిన కొత్తలో ఇల్లిల్లూ అడుగుతూ తిరిగింది. అందరి దగ్గరా ఒక కథ ఉంది. ఒకరి కుక్క ఏడ్చింది. ఒకరి కోళ్ళు గూట్లోకి పోనన్నాయి. ఒకరి పెరట్లో పాము పట్టపగలు బయటికొచ్చి బండ మీద పడుకుంది.

"కుక్క ఏడ్చినరోజు నేల కదిలింది, సరే. ఏడ్చినా కదలని రోజులెన్ని పెద్దమ్మా?" అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. కుక్క రోజూ ఏడుస్తుంది. నేల కదిలిన రోజు ఏడుపొక్కటే మనిషికి గుర్తుంటుంది.

"రోజూ తప్పకుండా చేసే పని కావాలి నాన్నా. జంతువు రోజూ చేసేది, లోపల ఏదన్నా తేడాగా అనిపిస్తే ఆపేసేది" అంది ఒకరోజు, గొడ్లచావిట్లో గుంజకు ఆనుకుని. ఎదురుగా నల్లగేదె పడుకుని, కళ్ళు సగం మూసుకుని, దవడ అటూ ఇటూ ఆడిస్తోంది. హైమ మాట సగంలో ఆపి దాన్నే చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అని దాని మూతి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. గేదె విసుగ్గా తల విదిలించింది. నెమరు ఆపలేదు.

అట్లా పుట్టింది మెడపట్టీ. చేతివెడల్పు పట్టీలో నాణెమంత బిళ్ళ. గేదె నిలబడిందా, నడుస్తోందా, పడుకుందా అన్నది బిళ్ళకు తెలుస్తుంది. దవడ ఆడితే అదీ తెలుస్తుంది. పడుకున్న గేదె నెమరు వెయ్యాలి. ఒకటి వెయ్యకపోతే దానికి కడుపులో బాగోలేదనుకోవాలి. ఒక వీధివి వెయ్యకపోతే ఆ వీధిలో కొత్త కుక్క దూరిందనుకోవాలి. పడుకున్న గేదెలు ఊరంతటా ఒక్కసారే దవడ కట్టేసుకుంటే? "అప్పుడు నేలను అనుమానించాలి" అనేది హైమ. ఎందుకు ఆపుతాయని ఎవరన్నా గుచ్చి అడిగితే, "కింద రాయి పగలబోతూ గాల్లోకి ఏం వదులుతుందో, ఏం మూలుగుతుందో ఇంకా తెలీదు" అనేది. తెలీదన్న మాట ఆమె నోట తరచుగా వచ్చేది. అంత చదివి తెలీదంటుందేమిటని సీతారావమ్మకు కొంచెం నామోషీగా ఉండేది.

గురవయ్య పొగాకు వెయ్యడం మానేశాక చేలో బేరను ఖాళీగా ఉంది. ఆకు కాల్చే ఆ ఎత్తాటి ఇటుకగదికి సున్నం కొట్టించి, కంప్యూటర్లు పెట్టి, అదే ప్రయోగశాల అన్నారు. హైమ కింద పనిచేసే జోసెఫ్ రత్నం అందులో కాపురం. బాపట్ల వైపు పిల్లవాడు. గోడల్లో పేరుకుపోయిన పొగాకు ఘాటుకు పూటకు వందసార్లు తుమ్మేవాడు. తెర మీద ఊరి గేదెలన్నీ చుక్కలుగా కనిపిస్తాయి. నెమరేస్తే ఆకుపచ్చ, పడుకుని ఊరుకుంటే ఎరుపు. ఎరుపు హద్దు దాటితే బేరను నెత్తిన సైరన్ దానంతటదే మోగుతుంది.

ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున మోగింది. జనం ఏదో తమాషాకని బయటికొచ్చి పళ్ళు తోముకుంటూ నిలబడ్డారు. పాలు పితికే వేళకు నేల గుడగుడలాడి, పాలకేంద్రం ప్రహరీ ఒకవైపు కూలింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ రోజు రత్నాన్ని ఊరు ఊరంతా భోజనానికి పిలిచింది. పాపం, ఏ ఇంటికీ కాదనలేక మూడిళ్ళలో తిని సాయంత్రానికి మంచం పట్టాడు.

అదంతా అప్పటి మాట. ఇప్పుడు కార్తీకంలో ఆ సైరనే ఊరి నోట నానుతోంది, తిట్లలో.

మొదట ఒక మధ్యాహ్నం మోగింది. సీతారావమ్మ పసిదాన్ని చీరకొంగులో చుట్టుకుని, పచ్చిబాలింతను నడిపించుకుంటూ వీధిలోకి వచ్చింది. చెవులకు గుడ్డ కట్టుకుని, వేపాకు పరిచిన మంచం మీంచి లేచిన హైమ చలిగాలికి వణికిపోయింది. పొద్దుగూకేదాకా నిలబడ్డారు. నేల కదల్లేదు. తర్వాతి వారం మళ్ళీ పట్టపగలే, ఈసారి జోరువానలో. గొడుగు కింద పసిదాని మొహాన జల్లు కొట్టింది. ఈసారీ నేల కదల్లేదు. ఆ పరుగులో పక్కింటి వెంకాయమ్మ మొగుడు అరుగు మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. గేదెలు సైరన్‌కు బెదిరి రెండు పూటలు పాలు చేపలేదు. చంటిదానికి జలుబు చేసి, రొమ్ము పట్టి, పాలు తాగబోతే ముక్కులు మూసుకుపోయి ఏడ్చేది.

తమలపాకు వెచ్చచేసి దాని ఎదమీద వేస్తూ సీతారావమ్మ తేల్చి చెప్పింది. "వినమ్మే హైమా. నువ్వు కనిపెట్టావో, ఇంకోడు కనిపెట్టాడో నాకు అనవసరం. ఈసారి అది మోగితే మోగనీ, పగిలిపోనీ. నా మనవరాలు గడప దాటదు."

"నిజంగా కదిలితే?"

"నిజంగా జలుబు చేసిందిగా. అది నా కళ్ళ ముందుంది."

హైమ చంటిదాని ముక్కు తుడిచింది. గురవయ్య గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. పురిటిగది కప్పు. పలకరాళ్ళ మధ్య సందుల్లో తన తాత పెట్టిన మట్టి. దాని కింద కూతురు, మనవరాలు. ఆయనకు అప్పట్నుంచి అన్నం సరిగా సయించలేదు.

మర్నాడు పాలకేంద్రం దగ్గర జనం పోగయ్యారు. పాలకాన్లు పక్కనపెట్టి మెడపట్టీలు తెచ్చి గుట్టగా పోశారు. రత్నం గోనెసంచి పట్టుకుని ఏరుకుంటున్నాడు.

"ఏం రత్నం సారూ, మీ యంత్రానికి పగటికలలొస్తున్నాయా ఏంది?" అంది వెంకాయమ్మ. "నా మొగుడు ఎడంచేత్తో అన్నం తినలేక నన్ను కలిపి పెట్టమంటుండాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో లేని ముచ్చట."

అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వబోయి తుమ్మాడు. "ఎక్కడుందో తప్పు వెతుకుతున్నామమ్మా. కొంచెం ఓపిక పట్టండి."

"పడతాం. పట్టీ లేకుండా పడతాం" అన్నాడెవరో.

గురవయ్య తన గేదెల పట్టీలు ఇవ్వలేదు. ఇవ్వనని అనలేదు కూడా. గుట్టకేసి చూసి, పాలు పోసి, ఖాళీ కాను ఊపుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

హైమకు పురిటిగదిలో వేరే పనేముంది? పసిది నిద్రపోగానే ఒళ్ళో ఫోను పెట్టుకుని సైరన్ మోగిన రోజుల చుక్కలన్నీ తిరగేస్తూ ఉంటుంది. తల్లి చూస్తే, "బాలింత కళ్ళు పోతాయే" అని లాక్కుంటుంది. ఆ పూట సీతారావమ్మ బాలింతకు పెట్టే కాయంముద్ద నూరుతూ వంటింట్లో ఉంది. గురవయ్య గుమ్మం దగ్గర కూర్చుని తాడు పేనుతున్నాడు.

"నాన్నా, నల్లదానికి ఒంట్లో బాగోలేదా?"

"ఏం?"

"అది పడుకునే ఉంటోంది. లేవడం లేదు, నెమరు లేదు. సైరన్ మోగిన రెండుసార్లూ అదే మొదటి ఎర్రచుక్క."

గురవయ్య తాడు పేనడం ఆపలేదు. "బాగానే ఉండుంటది. యాడుందో ఏమో."

"యాడుందో ఏంటి?"

"అమ్మేశాంగా."

హైమ లేచి కూర్చుంది. "నల్లదాన్ని అమ్మేశారా! ఎప్పుడు?"

"వట్టిపోయింది. వాములు తడిసి గడ్డంతా కుళ్ళింది, మేపేదానికి లేదు. గొడ్లబేరగాడు మస్తాను లారీ తెచ్చాడు. చాలామంది తోలారు. నువ్వు నొప్పుల్లో ఉంటివి, చెప్పలా."

"మరి దాని పట్టీ?"

"కొయ్యకుంది."

"ఏ కొయ్యకి?"

గురవయ్య గడ్డంతో చావిడి వైపు చూపించాడు. అక్కడ చిలక్కొయ్యకు నల్లగేదె మెడకు కట్టే పలుపుతాడు చుట్టచుట్టి ఉంది. పలుపుతో పాటు మెడపట్టీ కూడా.

"పట్టీ ఎందుకు తీశావు నాన్నా?"

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "పలుపుతో పాటే తీశా. మెడలో ఉన్నది ఏదైనా ఇస్తే ఇంట్లో పాడి దాంతో పోద్ది గదా. మస్తాను వాడి తాళ్ళు వాడే తెచ్చుకుంటాడు."

"అందరూ అంతేనా?"

"పలుపు ఎవడిస్తాడే?"

హైమ కొయ్యకేసి చూసింది. తర్వాత నవ్వింది. నవ్వు ఆపబోతే కుట్లు లాగాయి. పొట్ట పట్టుకుని, "అమ్మా, అబ్బా" అంటూ మళ్ళీ నవ్వింది. సీతారావమ్మ చేతినిండా కాయంతో పరుగెత్తుకొచ్చింది. "ఏమయిందే? ఏవయ్యా, పచ్చిబాలింతనేం చేశావు?"

"నాకేం తెల్సు" అన్నాడు గురవయ్య.

హైమ కళ్ళు తుడుచుకుని చెప్పింది. కొయ్యకు వేలాడే పట్టీ కదలదు. కదలకుండా పడుకున్న గేదె అది అనుకుంటుంది బిళ్ళ. ఉదయం సాయంత్రం ఊళ్ళో నిజం గేదెలు పడుకుని నెమరేస్తాయి గనక ఆ కాసిని ఎర్రచుక్కలూ వాటిలో కలిసిపోతాయి. ఈ ముసురులో గేదెలన్నీ మేతకు పోయింది ఆ రెండు మధ్యాహ్నాలే. అప్పుడు ఊరు మొత్తానికి పడుకుని ఉండేవి కొయ్యల మీద గేదెలే. వాటిలో ఒక్కటీ నెమరు వెయ్యదు.

"మొత్తం లెక్కలన్నీ చూశానమ్మా. గాలి, వాన, దాణా, పిడుగు. పలుపు చూడలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, పలుపు సంగతి మర్చిపోయాను."

"నువ్వు గేదెనెప్పుడు అమ్మావు గనక" అంది సీతారావమ్మ. కూతురి తప్పు ఏమీ లేదని చెప్పడం ఆమె ఉద్దేశం. ఆ వెంటనే, "అయినా సరే, గడప దాటేది లేదు" అంది.

రత్నానికి కబురు పోయింది. అతను వచ్చి గుమ్మం అవతలే నిలబడి విన్నాడు. అతను కూడా నవ్వాడు. తర్వాత తల గోక్కున్నాడు. "మెడ వెచ్చదనం తగిలితేనే లెక్కలోకి తీసుకునేట్టు బిళ్ళ మారుద్దాం మేడమ్. అది పెద్ద పని కాదు. ఊరిచేత మళ్ళీ కట్టించడమే పెద్ద పని. ఆ వెంకాయమ్మగారి ముందుకి నేను పోలేను."

ఆ పని గురవయ్య చేశాడు. ఆయన ఒక్కో ఇంటికీ పోయి, చావిట్లోకి నడిచి, కొయ్యకున్న పట్టీ తీసి పట్టుకుని నిలబడేవాడు. ఇంటివాళ్ళు "ఏంది గురవన్నా?" అంటే, "ఇదీ గేదె" అనేవాడు. వాళ్ళకు అర్థమయ్యేది కాదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పేవాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. కొంతమంది నవ్వి, ఉన్న గేదెలకు పట్టీలు మళ్ళీ కట్టించుకున్నారు. చాలామంది చూద్దాంలే అన్నారు.

వెంకాయమ్మ చేటలో కందులు చెరుగుతూ విన్నది. "చెప్పడం అయిందా అన్నా?"

"అయింది."

"అయితే మజ్జిగ తాగి పో. నేను కట్టను."

గురవయ్య మజ్జిగ తాగాడు.

కట్టిన పట్టీలు తక్కువ కాబట్టి సైరన్‌ను దానంతటది మోగనివ్వకుండా ఆపేశారు. మోగించాలా వద్దా అన్నది ఇక మనుషులే తేల్చుకోవాలి.

వాన వెలిసి ఎండ కాసిన ఒక సాయంత్రం. సీతారావమ్మ పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పసిదాన్ని కాళ్ళ మీద బోర్లా వేసి నీళ్ళు పోస్తోంది. జలుబు తగ్గింది. నలుగుపిండి వాసన, సాంబ్రాణి పొగ. వీపు మీద వేణ్ణీళ్ళు పడుతుంటే చంటిది నోరంతా తెరిచి ఆవులించింది. "అబ్బో, రాణీగారికి కునుకొస్తుందంట" అంటూ సీతారావమ్మ తన లోకంలో తాను ఉంది.

గురవయ్య దాణా కలిపే కుండలో చెయ్యి పెట్టి ఉండగా లోపల్నుంచి హైమ పిలిచింది. గొంతు మామూలుగా లేదు. "నాన్నా, ఇట్లా రా."

ఫోను తెర మీద చుక్కలు పలచగా ఉన్నాయి. ఉన్నవన్నీ ఎర్రగా ఉన్నాయి.

"వెచ్చదనం ఉంది. అన్నీ మెడలకే ఉన్నాయి. అయినా నాకు నమ్మకం లేదు నాన్నా. కళ్ళతో చూసిరా."

ఆయన చావిట్లోకి పోయాడు. రెండు గేదెలూ పడుకుని ఉన్నాయి. పట్టీ మెడలోనే ఉంది. దవడలు బిగుసుకుని, చెవులు ముందుకు పెట్టి, ఎదురుగా ఏమీ లేని చోటుకు చూస్తున్నాయి. ముందు గడ్డి వేస్తే మూతి పెట్టలేదు. గోడ మీంచి పక్కింట్లోకి తొంగిచూశాడు. వెంకాయమ్మ గేదెకు పట్టీ లేదు. అదీ అట్లాగే పడుకుని, అట్లాగే చూస్తోంది. వీధి చివరిదాకా నడిచి మరో నాలుగు చావిళ్ళు చూసి వచ్చాడు.

"ఒక్కటీ వెయ్యడంలా" అన్నాడు.

రత్నం అప్పటికే ఫోనులో ఉన్నాడు. "సైరన్ కొట్టమంటారా మేడమ్?"

హైమ పెదవి కొరుక్కుంది. "కొడితే జనం కోపంతో తలుపులేసుకుంటారు. లోపలే కూర్చుంటారు. వద్దు. ఇల్లిల్లూ తిరిగి చెప్పు. కదులుతుందని చెప్పకు. కదలొచ్చు, నాకు గట్టిగా తెలీదు, కానీ నేను మాత్రం బయటికి పోతున్నానని చెప్పు."

ఆ మాట పెరట్లోకి వినపడింది. సీతారావమ్మ చంటిదాన్ని తుడిచి, పాతచీరలో చుట్టి, గుండెకు అదుముకుని లేచింది. మొగుడికేసి చూసింది. వాదనకు సిద్ధంగా ఉంది. "నేనా రోజే చెప్పా."

గురవయ్య వాదించలేదు. పురిటిగదిలోకి పోయి, హైమను స్టూలు మీద కూర్చోబెట్టి, నులకమంచాన్ని పరుపుతో సహా నెత్తికెత్తుకున్నాడు. వీధి దాటి, ఎదురుగా ఉన్న తన ఖాళీ కళ్ళంలో దించాడు. మళ్ళీ వచ్చి పొగాకు కప్పే టార్పాలిన్ పట్టా, నాలుగు గుంజలు తీసుకుపోయాడు. ఉత్తరపు గాలి కొట్టే వైపు పట్టాను నేలదాకా దించి కట్టాడు. మూడోసారి వచ్చి పొయ్యిలో నిప్పులు కుంపట్లోకి ఎత్తాడు. నాలుగోసారి వేపమండలు. గుమ్మానికి కట్టిన మండలే విప్పి, పట్టా ముందు కట్టాడు. సాంబ్రాణి డబ్బా కూడా పట్టుకుపోయాడు. ఒగరుస్తూ తిరుగుతున్నాడు.

సీతారావమ్మ గడపలో నిలబడి ఇదంతా చూసింది. గాలి తగలని గది ఒకటి ఎదురుగా లేచింది. అందులో వెచ్చగా కుంపటి, మంచం, మండలు. ఆమె చెప్పిన మాటలో గడప ఉంది గానీ, నిజంగా పోట్లాడింది గాలితో, జల్లుతో. ఆ రెండూ అక్కడ లేవు.

"దిండు మర్చిపోయావు" అంది.

ఆయన దిండు కోసం లోపలికి పోబోతే, "ఆగు, నేను తెస్తాలే" అని, దిండు చంకలో పెట్టుకుని, చంటిదాన్ని పొదివి పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. హైమ గోడ పట్టుకుంటూ వెనక నడిచింది.

రత్నం తలుపులు కొడుతూ తిరిగితే సగం ఇళ్ళవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. అయితే, గురవయ్య కళ్ళంలో పందిరి లేచిందన్న కబురు మాత్రం రత్నం కంటే ముందు నడిచింది. బాలింతను, పసిదాన్ని, వేపమండలతో సహా బయటికి తెచ్చి కాపురం పెట్టారంట! చూడ్డానికి ఒక్కొక్కరే వచ్చారు. వెంకాయమ్మ పనులన్నీ పక్కనపెట్టి, మొగుడిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏంది వదినా, పందిరేశారు, పెళ్ళెవరికి?"

"నీ మొగుడికే. ఎడంచేత్తో తాళి కడతాడంట, రా కూర్చో."

"కడితే ముడి నువ్వెయ్యాలమ్మో" అన్నాడు వెంకాయమ్మ మొగుడు. నవ్వులు లేచాయి. వచ్చినవాళ్ళు చంటిదాన్ని చూశారు. ముక్కు ఎవరిదో, గడ్డం ఎవరిదో తేల్చబోయారు. ఎవరో టీ ఫ్లాస్కు తెచ్చారు. పిల్లలు పట్టా చుట్టూ పరుగులు పెట్టారు. ఇళ్ళల్లో మిగిలిన ముసలివాళ్ళు, ఇక్కడ నవ్వులు విని, మనల్నొదిలేసి ఏం జరుగుతోందని కర్రలు పట్టుకుని వచ్చారు. గురవయ్య గుంజకు ఆనుకుని, వచ్చినవాళ్ళను కళ్ళతోనే ఇల్లిల్లూ సరిచూసుకుంటున్నాడు. ఎవరు రాలేదో చూసి రత్నానికి సైగ చేస్తే అతను అటు పరుగెత్తుతున్నాడు.

పొద్దు బేరను వెనక్కి దిగుతుండగా చావిళ్ళలో గేదెలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. తాళ్ళు తెగేట్టు గుంజాయి.

చప్పుడు ముందు వచ్చింది. తర్వాత నేల పక్కకు జరిగింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ జరిగింది. నిలబడినవాళ్ళు కూలబడ్డారు. హైమ మంచం కోడు పట్టుకుంది. సీతారావమ్మ చంటిదాని మీద విల్లులా వంగిపోయింది. ఊళ్ళోంచి రాళ్ళు దొర్లిన చప్పుడు, దాని మీద ఇంకో చప్పుడు, ఆ మీద దుమ్ము. ఎంతసేపో ఎవరికీ తెలియలేదు. ఆగాక మొదట వినపడింది చంటిదాని ఏడుపే. గట్టి ఏడుపు, ముక్కులు శుభ్రంగా ఉన్న ఏడుపు.

దుమ్ము అణిగింది. పాలకేంద్రం లేదు. కొన్ని మిద్దెలు ముందుకు వాలాయి. వెంకాయమ్మ వంటిల్లు గోడ కుప్పపడింది. వేములబండ మనుషులందరూ కళ్ళంలో కూర్చుని ఒకరినొకరు తడుముకుంటున్నారు. గురవయ్య ఇల్లు నిలిచే ఉంది. కాకపోతే తెరిచి ఉంచిన పురిటిగది తలుపులోంచి చూస్తే లోపల ఆకాశం కనిపించింది.

సీతారావమ్మ ఆ ఆకాశాన్ని చాలాసేపు చూసింది. జీవితంలో మొదటిసారి ఆమెకు మాట రాలేదు. గురవయ్య పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆయనకు మామూలే.

వెంకాయమ్మ కూలిన గోడ కేసి, చెయ్యి కట్టుతో నిలబడ్డ మొగుడి కేసి మార్చి మార్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కాసేపటికి లేచి, రత్నం భుజం పట్టుకుని కుదిపింది. "తుమ్మకుండా ఉన్నావేందయ్యా? తుమ్ము. ఎవరన్నా ఏదన్నా చెయ్యండి." రత్నం తుమ్మలేదు. గుక్కపెట్టి ఏడ్చాడు. ఆమె అతన్ని దగ్గరకు తీసుకుని వీపు రాసింది.

మగవాళ్ళు పోయి గొడ్లను విప్పుకొచ్చారు. ఒక దూడకు కాలు నలిగింది. అంతే. అవతల చేలో రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు. ఎవరి బియ్యం ఎవరి గిన్నెలో పడుతున్నాయో ఎవరూ చూసుకోలేదు.

"అయిపోయిందా?" అంది సీతారావమ్మ కూతురి పక్కన కూర్చుని.

"తెలీదమ్మా. బయటికి రమ్మని చెప్పడం కొంచెం నేర్చుకున్నాం. లోపలికి పొమ్మని చెప్పడం ఇంకా రాలేదు."

సీతారావమ్మ తలూపింది. ఈసారి ఆ మాట ఆమెకు నామోషీగా అనిపించలేదు. తెలిసినదాన్ని తెలిసినంతే చెప్పే పిల్ల చెప్పింది కాబట్టి, అది ఆనుకుని కూర్చోదగ్గ మాటగా ఉంది. చంటిదాన్ని కూతురి ఒళ్ళో పెట్టి పాలు పట్టించింది. కుంపట్లో బొగ్గులు ఎగదోసింది.

అంతలో గురవయ్య ఇంటివైపు అడుగులేస్తున్నాడు.

"యాడికి?" అంటూ సీతారావమ్మ లేచి ఆయన భుజం మీది కండువా పట్టుకుంది.

"నీకు మంచం."

"ఏం అక్కర్లేదు. గడప దాటావంటే ఊరుకోను."

"మరి?"

"నేల లేదూ?" అంది. పక్కనున్న చాప అందుకుని పరిచింది. పరిచే ముందు వంగి, పసిదాన్ని జోకొట్టినట్టు అరిచేత్తో ఆ నేలను రెండుసార్లు మెల్లగా తట్టింది.